నెత్తురు తాకని చెయ్యి

పొద్దు 1. నీళ్ళు నలభై రెండు వేళ్ళు. బయట ఎండ యాభై ఆరు.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ఇది కొత్తది. మడుగు పక్కన రాతికి కొట్టిన గాట్లు చూసి ఊటలో నీళ్ళు ఎన్ని వేళ్ళున్నాయో రాయడం నా పని. తెల్లవారి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి. ఆపద వస్తే అక్కడే వేలాడే గంట తాడు లాగడం కూడా నా పనే. పద్దెనిమిదేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. గంట కొట్టాల్సిన అవసరం మాత్రం రాలేదు.

ఈ మధ్యాహ్నం మేముండే బిలం నోటి దగ్గర మనిషి కనపడిందని కావలి దస్తగిరి కేకేశాడు. ఆ ఎండలో బయట కాకి కూడా తిరగదు. వెళ్ళి చూస్తే ఒక ఆడమనిషి, తడి గోనె నెత్తిన కప్పుకుని, మోకాళ్ళ మీద పాకుతూ వస్తోంది. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. నా కూతురు సుంకి ముంత నిండా నీళ్ళు తీసుకెళ్ళి చేతికివ్వబోయింది. ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నా చేతికి నెత్తురుండాది పాపా. ముంత నేను ముట్టగూడదు. నువ్వే పొయ్యి."

నోరు తెరిచి తల పైకెత్తింది. సుంకి పోసింది. పదిహేడేళ్ళ పిల్ల, అలవాటు లేక సగం నీళ్ళు ఆమె మెడ మీద పడ్డాయి.

మా మాట ఆమెకెలా తెలుసో! బిలంలో పుట్టినవాళ్ళమంతా పన్నెండో ఏట కుడి చెయ్యి ఊటలో ముంచి ఒకటే మాట చెబుతాం: "ఈ నీళ్ళు తాగే చెయ్యి నెత్తురు తాకదు." నెత్తురు తాకి వచ్చినవాళ్ళు నూరు పొద్దులు ఊటనూ ముంతనూ ముట్టకూడదు. ఎవరైనా పోస్తేనే తాగాలి. నూరు పొద్దులు నిలిచినవాళ్ళు చెయ్యి ముంచి మాట చెప్పి మా మనుషులవుతారు. ఇంతవరకు నలుగురు వచ్చారు. ఒక్కరూ నిలవలేదు.

ఆమె పేరు కుళ్ళాయమ్మ. నూరు పొద్దుల లెక్క ఈ పుస్తకంలోనే రాయమన్నాడు బిలానికి పెద్ద అయిన మద్దిలేటి తాత. అందుకే పైన ఒకటి అని వేశాను. ఈమె కూడా పది దాటదు.

పొద్దు 9. నీళ్ళు నలభై ఒకటి.

తెల్లవారకముందే వెళ్ళి సోలారు పలకల మీద దుమ్ము తుడిచి వచ్చాను. కొర్రలు దంచాను. పుట్టగొడుగుల మళ్ళకు ఎరువు తక్కువైందని చెబితే, గబ్బిలాల గదిలో పెంట గీకే పని తనకివ్వమని కుళ్ళాయమ్మ అడిగింది. ఆ పని ఎవరూ అడిగి తీసుకోరు. లోపల ముక్కు పగిలిపోయే కంపు.

రోజుకు మూడుసార్లు సుంకి వెళ్ళి ఆమెకు నీళ్ళు పోస్తుంది. ఇవాళ ఒక సంగతి గమనించాను. ఆమె తల పైకెత్తి తాగుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కొందరు చేతులు జోడిస్తున్నారు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా, చెయ్యి ముంచిన నాటి నుంచి, అదే నీళ్ళు తాగుతున్నాను. ఎవరూ ఆగి చూడలేదు. చూడటానికి అందులో ఏముందిలే.

పొద్దు 23. నీళ్ళు నలభై.

పొద్దుటి ప్రార్థనలో మద్దిలేటి తాత రాగి చెంబుతో ఊట నీళ్ళు తీసి తిరిగి ఊటలోనే వదులుతాడు. తర్వాత ఎవరి తప్పు వాళ్ళు ఊటమ్మ ముందు చెప్పుకోవచ్చు. ఆయన అందరికీ తాత, నాకు నాయన. నా కన్నవాళ్ళు పోయాక పెంచింది ఆయనే. ఆయన తర్వాత ఆ చెంబు నా చేతికే వస్తుందని ఎవరూ అనలేదు గాని అందరికీ తెలుసు.

ఇవాళ మొదట నేనే లేచాను. సుంకిని నిన్న ఊరికే కసిరానని చెప్పుకున్నాను. జనం తలలూపారు. ఎవరో ఆవులించారు.

తర్వాత కుళ్ళాయమ్మ లేచింది. సున్నపురాయి గనిలో ఉండే గుంపు మనిషి తను. మందు పెట్టి రాయి పేల్చడం ఆమె పని.

"చిన్నకోన వాళ్ళు మాకు భయపడి దిగుడు బావిలో దాంకున్యారు. వాళ్ళ నీళ్ళ ట్యాంకరు కోసరం పోయినాం. మెట్ల మీద మందు పెట్టమన్యారు, పెట్టినా. లోపల మనుషులుండారని నాకు తెల్దు అని చెప్పుకుంటే బాగుంటాది. తెలుసు. తెలిసే వత్తి ముట్టించినా. పదిహేడు మంది. మట్టి కప్పినాక గూడా ఒగ పసిదాని ఏడుపు కొంచెం సేపు వినపడింది."

ఎవరూ ఆవులించలేదు. దస్తగిరి గోడకు తల ఆనించి ఏడ్చాడు. నాయన కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

నా తల మీద ఆ చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టాను. ఆరేళ్ళు, సుంకి తండ్రి చచ్చిపోయిన రోజు.

పొద్దు 40. నీళ్ళు ముప్పై ఎనిమిది.

పదిహేడు రోజుల్లో రెండు వేళ్ళు తగ్గాయి. ఈ కాలంలో ఇలా తగ్గకూడదు. నాయనకు చెప్పాను. గాటు చెరిగిపోయిందేమో మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ చూశాను. ముప్పై ఎనిమిదే.

సుంకి కుళ్ళాయమ్మను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. నేను వింటున్నానని తెలిసీ పిలిచింది. నాకు చెల్లెళ్ళు లేరు.

పొద్దు 58. నీళ్ళు ముప్పై ఐదు.

తగ్గుదలకు కారణం తెలిసింది. గని నుంచి ఒకడు వచ్చాడు, తెల్లారగానే, ఒంటరిగా, చేతులు రెండూ పైకెత్తి. పేరు బజారి. పాతికేళ్ళుంటాయి. గనికి పెద్ద అయిన పుల్లమ్మ కొడుకు. వాళ్ళు బోరు రిగ్గుతో దించిన గొట్టం మా ఊటకు పైన ఎక్కడో అదే పాయకు తగిలింది. రాత్రింబవళ్ళు లాగారు. ఇప్పుడు అది గాలి కక్కుతోంది. గనిలో నలభై మంది ఉన్నారట, నీళ్ళు అడగడానికి వచ్చాడు.

నీళ్ళు నేనే ఇచ్చాను. ముంత పట్టుకుని గటగటా తాగేసి, మూతి తుడుచుకుని నవ్వాడు. ముందరి పన్ను ఒకటి విరిగి ఉంది.

"మీ నీళ్ళు తియ్యగుండాయక్కా. మావి తుప్పు వాసన."

గబ్బిలాల గది వైపు నుంచి వస్తున్న కుళ్ళాయమ్మ అతన్ని చూసి ఆగిపోయింది. అతనూ చూశాడు. "కుళ్ళాయక్కా, నువ్వు చచ్చిపోయినావనుకున్నాం" అన్నాడు. ఆమె అతను వెళ్ళేదాకా గోడవైపు తిరిగి నిలబడింది.

రోజుకు ఇరవై బిందెలిస్తామని నాయన చెప్పి పంపాడు. అంతకు మించితే మాకే లేదు.

పొద్దు 74. నీళ్ళు ముప్పై రెండు.

ఇవాళ నాయనతో పోట్లాడాను. పెద్దవాణ్ణయిపోయాను, చెంబు ఎవరికివ్వాలో ఊటమ్మను అడుగుతున్నాను అన్నాడు. అడగడానికేముంది అన్నాను. ఆయన నేల చూశాడు. అప్పుడర్థమైంది.

"పదిహేడు మందిని చంపిన చెయ్యీ నా చెయ్యీ ఒగటేనా నాయనా?"

"ఒగటి కాదు. నెత్తురు ఎట్లుంటాదో ఆమెకు తెలుసు. తెలిసినోళ్ళు వద్దంటే ఆ మాటకు బరువుంటాది."

"అంటే నేను గూడా పోయి ఎవురినన్నా చంపి రావాల్నా?"

"ఈ మాట పెట్టిన సాలమ్మవ్వ ఎవరనుకుంటాండావు? మనోళ్ళు బిలంలోకి వచ్చిన మొదటి ఏడు దీని నోటి కాడ ఒగ క్యాను నీళ్ళకు కొట్టుకున్యారే, ఆ పొద్దు గొడ్డలితో ముగ్గురిని నరికింది ఆమె. నాకు పద్నాలుగేళ్ళు. నేను చూసినా. సాయంత్రం ఆ చేతినే మడుగులో ముంచి ఈ మాట చెప్పింది."

సాలమ్మవ్వ చెయ్యి ఏనాడూ నెత్తురు తాకలేదని మాకు చెప్పి పెంచారు. నేను అలా ఉండాలనే, చీమను కూడా ఊదేసి పక్కకు జరిపి బతికాను. ఇన్నేళ్ళు కాపాడుకున్నది ఒక అర్హతే కాదని ఇప్పుడు చెబుతున్నాడు.

కుళ్ళాయమ్మ ఇవాళ ఆయన్ని నాయనా అని పిలిచింది. "ఏం తల్లీ" అన్నాడు.

పొద్దు 88. నీళ్ళు ఇరవై తొమ్మిది.

బజారి మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "ఇరవై బిందెలు చాలవంటాంది మా యమ్మ. మా తావ ఇద్దరు ముసలోళ్ళు పోయినారు. మీరు ఊటకు దారి ఇయ్యకుంటే మేమే దారి చేసుకుంటామని చెప్పమనింది." చెప్పేటప్పుడు మా కళ్ళలోకి చూడలేకపోయాడు.

అతను వెళ్ళాక అందరం ఊట దగ్గర కూర్చున్నాం. పైనుంచి బండలు దొర్లిద్దామన్నాడు దస్తగిరి. "వాళ్ళు నలభై మందే. ఒగసారి దొర్లిస్తే మళ్ళా రారు."

"దొర్లించినాక మనం ఏం మొగం పెట్టుకుని ఈ నీళ్ళు తాగేది?" అన్నాడు నాయన.

"తాగకుండా చస్తే మొగం యాడుంటాది తాతా?"

చివరకు కుళ్ళాయమ్మ చెప్పింది. వాళ్ళు వస్తే గబ్బిలాల గది వెనక ఉన్న పాకుడు సందులోంచి వస్తారు, ఒకరి వెనక ఒకరు పొట్ట మీద పాకాలి. గంట మోగి జనం పోగైతే చాలు, ఆ ఇరుకులో ఎవడూ ముందుకు రాడు, వెనక్కి పోతాడు. నలుగురు చెయ్యేస్తే గదికి ఉన్న రాతి పలక దించేయొచ్చు. ఎవరికీ దెబ్బ తగలదు.

అందరూ ఒప్పుకున్నారు. గంట తాడు కొత్తది కట్టారు. దస్తగిరి నా వైపు చూసి "అంతా నీ చేతిలోనే ఉండాది సంజమ్మక్కా" అన్నాడు.

ఆ ఉపాయం నాకు తట్టాల్సింది. ఈ బిలంలో పుట్టింది నేను.

పొద్దు 97. నీళ్ళు ఇరవై ఏడు. మధ్యాహ్నం కూడా ఇరవై ఏడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికీ చూపించను గాని రాస్తాను.

మిట్టమధ్యాహ్నం బిలమంతా నిద్రపోతుంది. మడుగు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. రాతిలోంచి చప్పుడు వినపడింది. గీకినట్టు, ఆగి, మళ్ళీ గీకినట్టు. పాకుడు సందులో మనుషులు. సందేహమే లేదు. తాడు నా చేతికందే దూరంలో ఉంది. పట్టుకున్నాను కూడా.

గబ్బిలాల గదిలో కుళ్ళాయమ్మ ఉందని నాకు తెలుసు. మధ్యాహ్నం ఆమె నిద్రపోదు, పెంట గీకుతుంది. ఇంకా మూడు పొద్దులు గడిస్తే ఆమె చెయ్యి ముంచుతుంది. తర్వాత చెంబు. ఆమె చేతులకు తెలిసిన పని ఏమిటో కూడా నాకు తెలుసు. గంట మోగకపోతే ఆమె ఒక్కతే వాళ్ళకు ఎదురవుతుంది.

పై రాతి నుంచి మడుగులోకి చుక్కలు పడుతుంటాయి. నూట ఇరవై చుక్కలు లెక్కపెట్టాను. మధ్యలో ఆమె గొంతు వినపడింది. "గంట! గంట కొట్టండప్పా!" రెండుసార్లు అరిచింది. అప్పటికి ఎనభై దాటాయి. నేను మిగతావీ లెక్కపెట్టి అప్పుడు లాగాను.

జనం పరుగెత్తారు. నేను వెనక వెళ్ళాను. బజారి సందులోంచి సగం బయటికి వచ్చి బోర్లా పడి ఉన్నాడు. తల పక్కన పార. చేతిలో మందు గొట్టం, అంటించని వత్తి. అతని వెనక వచ్చినవాళ్ళు పారిపోతున్న చప్పుడు ఇంకా వినపడుతోంది. కుళ్ళాయమ్మ పెంట కుప్పలో కూలబడి ఉంది.

"సందు పెద్దది చేయాలని మందు పెట్టబోయినాడు," అంది. "పేలితే పైకప్పు కూలి ఊట పూడిపోతాది. వద్దురా నాయనా అన్యా. పక్కకు పో అక్కా, మా యమ్మ చెప్పింది అన్యాడు. గంట మోగితే పోతాడని చూసినా. చానాసేపు చూసినా. అగ్గిపుల్ల గీసినాడు."

తల ఎత్తి అందరి మొహాలూ చూసింది.

"గంట ఏంటికి మోగల్యా?"

పొద్దు 98. నీళ్ళు చూడలేదు.

పొద్దు 99. నీళ్ళు ఇరవై ఏడు.

బిలంలో నెత్తురు చిందించిన మనిషి బిలం వదలాలి, తిరిగి వస్తే మళ్ళీ ఒకటో పొద్దు నుంచి లెక్క. సాలమ్మవ్వ కాలం నుంచి అదే కట్టు. నాయన నోరు తెరవకముందే కుళ్ళాయమ్మ ఒప్పేసుకుంది. బజారి శవాన్ని లోపలి చల్లని అరలో ఉంచారు. రేపు కాక ఎల్లుండి తనే గనికి మోసుకుపోయి తల్లికి అప్పగిస్తానంది. పుల్లమ్మ ఆమెను బతకనిస్తుందని ఎవరూ అనుకోవడం లేదు.

సాయంత్రం నాయన చెంబు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. రాగి చల్లగా ఉంది. ఇన్నేళ్ళు ఎదురు చూసింది ఇదేనా అని తిప్పి తిప్పి చూశాను. అడుగున ఒక సొట్ట ఉంది.

సుంకి కుళ్ళాయమ్మకు నీళ్ళు పోసి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "అమ్మా, గంట ఏంటికి ఆలస్యమాయ?"

"కన్నంటుకుంది" అన్నాను.

వెనక నుంచి కుళ్ళాయమ్మ వింది. "మీ యమ్మ పద్దెనిమిదేండ్లుగా పగలు నిద్రపోకుండా కాపలా కాసింది పాపా. ఒగపూట కన్నంటుకుంటే తప్పా? ఆమెనేమీ అనాకు," అంది. తర్వాత నాతో, "చెంబు నీకొచ్చింది, మంచిదాయక్కా. నీ చెయ్యి సల్లగుండాల" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది.

ఎత్తిపొడిచినా భరించేదాన్ని.

పొద్దు 100. నీళ్ళు ఇరవై ఏడు.

తెల్లవారి ప్రార్థనకు అందరూ వచ్చారు. చెంబుతో నీళ్ళు తీశాను. తిరిగి వదలలేకపోయాను.

"కన్నంటుకోల్యా," అన్నాను. "చప్పుడు విన్యా. తాడు పట్టుకున్యా. ఆమె అరిచింది గూడా విన్యా. ఆమె చంపాలని, మళ్ళా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాలని, నూట ఇరవై చుక్కలు లెక్కపెట్టి అప్పుడు కొట్టినా."

"కావాలనే?" అన్నాడు దస్తగిరి. ఇంకోసారి, "కావాలనేనా అక్కా?" సుంకి లేచి వెళ్ళిపోయింది. కుళ్ళాయమ్మ కదల్లేదు. ఆమె మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

నాయన వచ్చి నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. వేళ్ళు బిగిసిపోయి ఉంటే ఒక్కొక్కటీ విడదీశాడు.

"నెత్తురు తాకినోళ్ళను ఏం చేయాల్నో సాలమ్మవ్వ చెప్పిపోయింది," అన్నాడు. "తాకకుండా చంపినోళ్ళను ఏం చేయాల్నో చెప్పిపోలేదు. నాకు తెల్దు సంజమ్మా. నువ్వే చెప్పు."

శవాన్ని ఒక్కరు మోయలేరు, జోలె కట్టే వాసానికి రెండో కొస నేను పడతానన్నాను.

పొద్దు 101.

వెలుగు రాగానే బయల్దేరాం. తడి గోనెల్లో చుట్టిన బజారిని వాసానికి జోలె కట్టి, ముందు ఆమె, వెనక నేను. గని రెండు కోసుల దూరం. మొదటి కోసు దాటాం. ఒక రాతిగుండు నీడలో దించి కూర్చున్నప్పుడు ఆమె అంది.

"వీణ్ణి సంకనేసుకుని సాకింది నేనే. ఒట్టి పిరికోడు. గంట మోగింటే సాలు, ఎనక్కి సూడకుండా ఉరికేటోడు."

నేను జారిన గోనె సర్దాను.

"నీ మీద నాకు కోపం లేదనుకోవద్దు. ఉండాది. వీణ్ణి వాళ్ళమ్మకు అప్పజెప్పినాక సూస్తా." మళ్ళీ, "నువ్వు ముంత పట్టుకుని నీళ్ళు తాగుతాంటే ఎన్ని పొద్దులు కుళ్ళుకున్నానో నీకు తెల్దు. ఆ చెయ్యి నాకుంటే ఎంత బాగుండు అనుకుంటి. దాన్ని నువ్వే పాడు చేసుకున్నావు కదక్కా" అంది.

అప్పుడు మొదటిసారి ఆమె ఏడ్చింది. నా చెయ్యి గురించి.

గనిలో రాయి పిండి చేసే మర షెడ్డు కింద జనం పెదాలు పగిలి, కళ్ళు గుంటలు పడి కూర్చుని ఉన్నారు. పుల్లమ్మ సన్నటి మనిషి. అరవై దాటి ఉంటాయి. గోనె తొలగించి కొడుకు మొహం చూసింది. నుదుటి మీద జుట్టు సర్దింది.

"ఎవరు?"

"కొట్టింది నేను పెద్దమ్మా," అంది కుళ్ళాయమ్మ.

"కొట్టేదాకా గంట ఆపింది నేను," అన్నాను. ఎందుకు ఆపానో కూడా చెప్పాను. ఏదీ దాచలేదు. గడ్డపారలు పట్టుకున్న మగవాళ్ళు చుట్టూ మూగారు. చచ్చిపోతాననే అనుకున్నాను. భయం వేసింది.

పుల్లమ్మ వాళ్ళ వైపు చెయ్యెత్తింది. ఆగమని.

"వాడు పోనన్యాడు," అంది. "కుళ్ళాయక్క ఉండాదమ్మా ఆడ, వద్దు అన్యాడు. ఆడంగి నాయాలా అని తిట్టి మందు చేతికిచ్చి తోలింది నేను." కొడుకు పక్కన నేల మీద కూర్చుంది. "ఇంగ ఎవురిని చంపమంటారు? వీళ్ళ ఇద్దరినీ చంపినాక నన్ను గూడా చంపాల కదా. ఎవురు చంపుతారు?"

గడ్డపారలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. ముందుగా కళ్ళు తిప్పుకున్నవాడు బజారి వెనక సందులోంచి పారిపోయినవాళ్ళలో ఒకడట. తర్వాత తెలిసింది.

చితికి కట్టెలు మేమిద్దరమే మోశాం. సాయంత్రం పుల్లమ్మ కుళ్ళాయమ్మను వెళ్ళిపొమ్మంది. నన్ను ఉండమంది.

"నీకు నీళ్ళ లెక్క తెలుసంట. మా బోరు కాడ కూసో. ఎప్పుడు లాగాల్నో, ఎప్పుడు ఆపాల్నో చెప్పు. వాడు సచ్చింది ఈ నీళ్ళకే కదా."

పొద్దు 131. బోరులో నీళ్ళు పడుతున్నాయి.

పుస్తకం నాతోనే ఉంది. రాత్రింబవళ్ళు లాగడం మాన్పించాను. పాయకు ఊరే సమయమివ్వాలి. ఇప్పుడు రోజు మార్చి రోజు, తెల్లవారి రెండు గంటలే బోరు మోటరు తిరుగుతుంది. మిగతాది బిలం నుంచి వచ్చే ఇరవై బిందెలతో సర్దుకుంటున్నారు. వాటిని తెచ్చే దస్తగిరి చెప్పాడు, బిలంలో నీళ్ళు ముప్పై ఒకటికి చేరాయట. నన్ను అక్కా అనడం మానేశాడు. అయినా లెక్క మాత్రం చెబుతాడు.

కుళ్ళాయమ్మను లోపలికి రానివ్వలేదు, బిలం నోటి బయట అరుగు మీద ఉండనిచ్చారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టిందట. సుంకి నీళ్ళు పోస్తోందట.

పొద్దు 203.

దస్తగిరి కబురు తెచ్చాడు. కుళ్ళాయమ్మ నూరు పొద్దులు నిన్నటితో నిండాయి. చెయ్యి ముంచింది. నాయన ఆమె చేతిలో చెంబు పెట్టాడు. బిలమంతా ఏడ్చిందట. సుంకి కూడా.

మంచిదే అన్నాను. అతను వెళ్ళాక రిగ్గు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. అంత జరిగాక కూడా కడుపులో అదే మంట. తగ్గిపోయిందనుకున్నాను. తగ్గలేదు. ఆ చెంబు అడుగున సొట్ట ఆమె వేళ్ళకు తగిలి ఉంటుందని అనుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం పుల్లమ్మ ఇసుర్రాయి ముందు కూర్చుని కొర్రలు విసురుతూ ఏడుస్తోంది. రోజూ ఏడుస్తుంది. విసురుతున్నంతసేపూ వాడి చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటూ, వాణ్ణి తిట్టుకుంటూ, రా కొడకా అని పిలుచుకుంటూ. నేను పక్కన కూర్చుని విన్నాను. నేను చస్తే నా కోసం ఎవరైనా ఇలా ఏడుస్తారా అనిపించింది. సుంకి ఏడవదు. ఆ చచ్చినవాడి మీద, నేను చంపించినవాడి మీద, నాకు అసూయ పుట్టింది.

అది ఆమెకు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. దాచుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

పుల్లమ్మ ఇసుర్రాయి ఆపి నా చెంప మీద కొట్టింది. నా జన్మలో నన్ను కొట్టిన మొదటి చెయ్యి అది. చెవిలో గుయ్యిమంది. మళ్ళీ కొడుతుందేమోనని కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాను. కొట్టలేదు. కళ్ళు తెరిస్తే రొప్పుతూ తన అరచెయ్యి చూసుకుంటోంది.

"నా చేతులాడల్యా," అంది. ఇసుర్రాయి పిడి నా వైపు తిప్పింది. "నువ్వు ఇసురు."

విసిరాను. ఆమె ఏడుస్తూనే గుప్పెడు గుప్పెడు గింజలు పోసింది. పిండి అయ్యేదాకా ఇద్దరం లేవలేదు.